ఈపోలో చెట్టు కింద కూర్చున్న సభ

పార్టీ మారారన్న ఎమ్మెల్యేల మీద వచ్చిన ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న తెలంగాణ స్పీకరుకు చెప్పింది. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచి కాంగ్రెస్ గూటికి చేరారన్న పది మంది సంగతి అది. ఒక రాజ్యాంగ పదవిలో ఉన్నవారికి కోర్టు గడువు పెట్టవలసి వచ్చిందంటే ఆ ఫిర్యాదులు ఎంతకాలం బల్ల మీదే పడి ఉన్నాయో పాఠకులు ఊహించగలరు.

నెల్లూరు జిల్లా వాళ్లకు ఇది పక్క రాష్ట్రం గొడవగా అనిపించదు. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల్లో అడ్డంగా ఓటేశారని అప్పటి అధికార పార్టీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేస్తే, అందులో ముగ్గురు మన జిల్లావారే: వెంకటగిరి, నెల్లూరు రూరల్, ఉదయగిరి. స్పీకరు వారి సభ్యత్వం రద్దు చేసింది 2024 ఫిబ్రవరి నెలాఖరులో. అప్పటికి ఎన్నికల నోటిఫికేషన్ గుమ్మంలో ఉంది. అదే రోజు, అటు తెలుగుదేశం నుంచి ఇటు వచ్చిన నలుగురి మీద కూడా వేటు వేశారు. వీరిలో 2019 చివర్లోనే పక్క మార్చిన వారున్నారు. నాలుగేళ్లు దొరకని తీరిక ఆ ఒక్క రోజు దొరికింది!

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం మైపాడు ఓటరుకు ఒకటుంది. మైపాడు కోవూరు నియోజకవర్గం కిందికి వస్తుంది. 2009లో తెలుగుదేశం నుంచి గెలిచిన నల్లపరెడ్డి ప్రసన్నకుమార్ రెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ వైపు వెళ్లారు. సీటు ఖాళీ అయింది, 2012 మార్చిలో ఉపఎన్నిక వచ్చింది, ఆయన కొత్త గుర్తు మీద నిలబడి మళ్లీ గెలిచారు. 2014లో అదే ఓటరు ఆయన్ను ఓడించాడు. మారిన మనిషిని మళ్లీ మన గడప దాకా రప్పించి అడిగే అవకాశం మనకు ఒకసారి దక్కింది. చాలా నియోజకవర్గాల వారికి అది దక్కలేదు.

ఈ రెండు అనుభవాల మధ్య తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి, మన తీరం నుంచి ఆగ్నేయంగా బంగాళాఖాతం దాటి ఒక రాష్ట్రంలో జరిగిన కథ చూడడం మంచిది. మలేషియాలో పెరాక్ అనే రాష్ట్రం, దాని రాజధాని ఈపో. ఆ కథ నడుమ ఉన్న మనిషి పేరు వి. శివకుమార్. పూర్తి పేరు శివకుమార్ వరదరాజు నాయుడు.

పేరు చివరి మాట వినగానే మనలో కొందరి ముఖాలు విప్పారుతాయి. "మనవాడే" అనేస్తాం. ఆ మురిపెం ఈ కథలో ఎంతవరకు పనికొస్తుందో ముందుముందు చూద్దాం. పెరాక్‌కు తెలుగువారితో సంబంధం పాతదే. తెల్లదొరల కాలంలో ఉత్తరాంధ్ర రేవుల నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కి రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు కూలికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. వాటిలో చాలా భాగం పెరాక్ దక్షిణాన బాగన్ దాతో ప్రాంతంలో స్థిరపడ్డాయి. బతుకు తోటల్లోనే గడిచినా అక్కడ తెలుగు బళ్లు పెట్టుకున్నారు, సంఘం కట్టుకున్నారు. మలేషియా జనాభాలో భారత సంతతి మొత్తం కలిపినా ఏడు శాతం లోపే. అందులో ఎక్కువమంది తమిళులు. తెలుగువారు ఆ అల్పసంఖ్యలో మరీ చిన్న పాయ.

ఇంత చిన్న సమూహాలకు రాజకీయాల్లో చోటు దశాబ్దాల పాటు ఒకే దారిలో దొరికింది. కూటమిలో ఉన్న భారతీయుల పార్టీలో చేరాలి, పెద్దల మాట వినాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. 2007 నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లో హిండ్రాఫ్ పేరిట వేలాదిమంది భారత సంతతివారు రోడ్డెక్కినప్పుడు ఆ దారి తెగింది. నాలుగు నెలలు కూడా గడవకముందే, 2008 మార్చి 8న ఎన్నికలు జరిగాయి. 1979 నుంచి కేంద్రంలో మంత్రిగా ఉన్న సామివేలు పెరాక్‌లోని తన సొంత సీటు సుంగై సిపుట్‌లోనే ఓడిపోయారు. అదే గాలిలో ట్రోనో అనే అసెంబ్లీ స్థానం నుంచి డీఏపీ అభ్యర్థిగా శివకుమార్ గెలిచారు.

పెరాక్ శాసనసభలో 59 సీట్లు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ పాలిస్తున్న కూటమి, తర్వాతి రోజుల్లో బరిసాన్ నేషనల్ అన్న పేరుతో నడిచినది, 28 దగ్గర ఆగింది. ప్రతిపక్షాలన్నీ కలిస్తే 31. డీఏపీకి 18, అన్వర్ ఇబ్రహీం పార్టీ పీకేఆర్‌కు 7, ఇస్లామిక్ పార్టీ పాస్‌కు 6. అయితే పెరాక్ రాజ్యాంగం ప్రకారం ముఖ్యమంత్రి మలయ్ ముస్లిం అయి ఉండాలి, సుల్తాను మినహాయింపు ఇస్తే తప్ప. ముఖ్యమంత్రిని అక్కడ మెంతెరి బెసార్ అంటారు, అంటే పెద్ద మంత్రి. ఆ మెంతెరి మన మంత్రి శబ్దమే, ఓడల మీద వెళ్లి అక్కడ నిలిచిపోయింది. చివరకు అందరికంటే తక్కువ సీట్లున్న పాస్ నుంచి నిజార్ జమాలుద్దీన్ ముఖ్యమంత్రి అయ్యారు. డీఏపీ పెద్ద లిమ్ కిట్ సియాంగ్ మొదట ప్రమాణ స్వీకారానికే వెళ్లవద్దని తన వారికి చెప్పి, తర్వాత క్షమాపణ కోరి సర్దుకున్నారు.

ఒకరినొకరు అనుమానంగా చూసుకునే మూడు పార్టీలు. చీనీయుల, భారతీయుల ఓట్లతో గెలిచిన 18 మంది ఒక ఇస్లామిక్ పార్టీ నాయకుణ్ణి ముఖ్యమంత్రిగా అంగీకరించారు. ఆయన ప్రభుత్వం ఎక్కువగా చీనీయులుండే కొత్త గ్రామాల ఇళ్ల స్థలాలకు 999 ఏళ్ల లీజు పట్టాలు ఇవ్వడానికి పూనుకుంది. అల్పసంఖ్యాకులుగా బతకడం అంటే ఏమిటో తెలిసిన మన పాఠకులకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. పెరాక్ శాసనసభ స్పీకరు కుర్చీలో భారత సంతతి మనిషి కూర్చోవడం కూడా అప్పుడే మొదలు. ఆ మనిషి శివకుమార్.

ఆ ప్రభుత్వం పదకొండు నెలలు కూడా నిలవలేదు.

కూలిన తీరు మన పత్రికల్లో ఎన్నోసార్లు చదివినట్టే ఉంటుంది. 2009 జనవరి చివర్లో బోతా సభ్యుడు నసరుద్దీన్ హాషిం ఉమ్నో నుంచి పీకేఆర్‌లోకి దూకాడు. నిజార్ పక్షం బలం 32 అయింది. సంబరాలు జరిగాయి. వారం తిరగకుండా పీకేఆర్ సభ్యులు ఇద్దరు కనిపించకుండా పోయారు: బెహ్రాంగ్ సభ్యుడు జమాలుద్దీన్ రాడ్జి, చంకట్ జెరింగ్ సభ్యుడు ఉస్మాన్ జైలు. ఇద్దరి మీదా అప్పటికే అవినీతి కేసులు నడుస్తున్నాయి. ఫిబ్రవరి 4న ఆ ఇద్దరితో పాటు డీఏపీ సభ్యురాలు హీ యిత్ ఫూంగ్ కూడా తాము స్వతంత్రులమనీ బరిసాన్‌కు మద్దతిస్తామనీ ప్రకటించారు. హీ యిత్ ఫూంగ్ ఎవరో కాదు, సభకు డిప్యూటీ స్పీకరు. అటు నుంచి వచ్చిన నసరుద్దీన్ పది రోజుల్లోనే సొంత గూటికి వెళ్లిపోయాడు. 31–28 లెక్క అంకె మారకుండా తలకిందులైంది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఈ కథను మోసపోయినవారి కథగా మాత్రమే చెప్పేవారు నసరుద్దీన్ రాకకు జరిగిన సంబరాలను మరిచిపోతారు. అంతకు ముందు ఏడాది, 2008 సెప్టెంబరు 16 నాటికి బరిసాన్ ఎంపీలను తమవైపు తిప్పుకుని కేంద్రంలో ప్రభుత్వాన్ని మారుస్తామని అన్వర్ ఇబ్రహీం బహిరంగంగా చెప్పారు. అది జరగలేదు, సరే. కానీ దూకడం తప్పని ఆ కూటమి అప్పటికి అనుకోలేదు. దూకేవాడు ఎటు దూకుతున్నాడన్నదే వారి లెక్క. మన దగ్గరా అంతే కదా. వచ్చేవాడికి కండువా, పోయేవాడికి శాపనార్థాలు.

శివకుమార్ చేసిన మొదటి పని ఈ వెలుగులోనే చూడాలి. పీకేఆర్ తన సభ్యుల చేత ఎన్నికలప్పుడే తేదీ వేయని రాజీనామా లేఖల మీద సంతకాలు చేయించి దగ్గర పెట్టుకుంది. కనిపించకుండా పోయిన ఇద్దరి లేఖలు స్పీకరు చేతికి వచ్చాయి. ఆయన ఆ రెండు సీట్లు ఖాళీ అయ్యాయని ప్రకటించి ఎన్నికల సంఘానికి తెలియజేశారు. తాము రాజీనామా చేయలేదని ఆ ఇద్దరూ అన్నారు. ఎన్నికల సంఘం సందేహం ఉందంటూ ఉపఎన్నిక పెట్టడానికి ఒప్పుకోలేదు.

తేదీ లేని రాజీనామా ఎంత బలహీనమైన కాగితమో చెప్పడానికి న్యాయశాస్త్రం చదవనక్కర్లేదు. సంతకం పెట్టినవాడి ఇష్టంతో సంబంధం లేకుండా, పార్టీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తేదీ వేసుకునే కాగితమది. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకున్న వడ్డీ వ్యాపారి పద్ధతి. కానీ ఆ కాగితం వెనక ఉన్న కోరిక మాత్రం న్యాయమైనదే: ఈ రెండు నియోజకవర్గాల్లో మళ్లీ ఓటరును అడగండి. అప్పుడు మలేషియాలో దూకుళ్లను ఆపే చట్టం లేదు. కెలాంతాన్ రాష్ట్రం తెచ్చుకున్న చట్టాన్ని, సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు అది విరుద్ధమని 1992లోనే కోర్టు కొట్టేసింది. చట్టం దారి మూసుకుపోయిన చోట దొంగ దారి పుట్టింది.

ముఖ్యమంత్రి నిజార్ సుల్తాను దగ్గరకు వెళ్లి సభ రద్దు చేసి ఎన్నికలు జరిపించమని కోరారు. సుల్తాన్ అజ్లాన్ షా మామూలు రాజు కాదు, గద్దెనెక్కక ముందు మలేషియా అత్యున్నత న్యాయమూర్తిగా పని చేసినవారు. ఆయన ఎమ్మెల్యేలను పిలిపించి మాట్లాడి, మెజారిటీ మారిందని తేల్చుకుని, రద్దు కుదరదన్నారు. నిజార్‌ను రాజీనామా చేయమన్నారు. నిజార్ చేయలేదు. 2009 ఫిబ్రవరి 6న బరిసాన్ తరఫున జంబ్రి అబ్దుల్ ఖాదిర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఒక రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రులు. ఇద్దరి మధ్య సభ నడపవలసింది శివకుమార్.

ఆయన ఏం చేశారు? ఫిబ్రవరి 18న, తన అధ్యక్షతనే ఉన్న హక్కుల కమిటీ ద్వారా కొత్త ముఖ్యమంత్రిని 18 నెలలు, ఆరుగురు మంత్రులను 12 నెలలు సభ నుంచి సస్పెండ్ చేశారు. ముఖ్యమంత్రే సభలోకి రాకూడదన్నమాట! అది కుర్చీ బలంతో లెక్క సరిచేయాలన్న ప్రయత్నం. ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం ఆ సస్పెన్షన్ చెల్లదంది. సీట్లు ఖాళీ అయ్యాయో లేదో తేల్చేది ఎన్నికల సంఘమే కానీ స్పీకరు కాదని కూడా చెప్పింది. మరో విచిత్రం చూడండి. కోర్టులో తనకిష్టమైన లాయరును పెట్టుకునే వీల్లేదనీ, ప్రభుత్వ న్యాయ సలహాదారే ఆయన తరఫున నిలబడాలనీ ఈపో హైకోర్టులో ఆదేశం వచ్చింది. అంటే ఏ ప్రభుత్వంతో తగాదా ఉందో, ఆ ప్రభుత్వపు వకీలే స్పీకరుకు దిక్కు.

మార్చి 3న శివకుమార్ అత్యవసర సమావేశం పిలిచారు. సభ్యులు వచ్చేసరికి సచివాలయ భవనం గేట్లకు తాళాలు, బయట పోలీసులు. లోపలికి పోనివ్వలేదు. అక్కడికి కొద్ది దూరంలో ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. స్పీకరు తన గౌనుతోనే వెళ్లి ఆ చెట్టు కింద కూర్చున్నారు. నిజార్ పక్షం సభ్యులు చుట్టూ చేరారు. నిజార్ మీద విశ్వాసం ప్రకటిస్తూ, సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టమని కోరుతూ తీర్మానాలు చేశారు. అవతలి పక్షం రాలేదు. ఆ రోజు ఫోటో దేశమంతా తిరిగింది. జనం దానికి ప్రజాస్వామ్య వృక్షమని పేరు పెట్టుకున్నారు.

మనకిది కొత్త దృశ్యం కాదు. మన ఊళ్లలో రచ్చబండ చెట్టు కిందే ఉండేది. నెల్లూరు తీరంలో పట్టపు పల్లెల్లో కాపులు నలుగురినీ పిలిచి కూర్చోబెట్టి వేట హద్దులూ వలల తగాదాలూ తేల్చడం ఇప్పటికీ ఉంది. ఆ కూర్పుల్లో లోపాలు బోలెడు, కట్టుబాటు పేరుతో బలహీనుణ్ణి వెలివేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా తాళం వేసిన గది కన్నా చెట్టు నీడకు ఒక గుణం ఎక్కువ. అక్కడ ఏం జరుగుతోందో దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది. ఈపోలో ఆ రోజు చట్టం ఎటున్నా, చూసినవారికి ఒక సంగతి అర్థమైంది. ప్రజలు ఎన్నుకున్నవారు బయట ఉన్నారు, వారి గదికి తాళం ఉంది.

అసలు ఘట్టం మే 7. ఆ రోజు సభ నిజంగానే భవనం లోపల మొదలైంది. ప్రారంభోపన్యాసం చేయడానికి సుల్తాను కుమారుడు, యువరాజు రాజా నజ్రిన్ షా వచ్చి ఉన్నారు. శివకుమార్ కుర్చీలో కూర్చుని, సస్పెండ్ అయిన ముఖ్యమంత్రినీ మిగతావారినీ బయటికి వెళ్లమన్నారు. వారు వెళ్లలేదు. కేకలు, తోపులాటలు. ఆ గందరగోళంలోనే డిప్యూటీ స్పీకరు హీ యిత్ ఫూంగ్ మరో చోట నిలబడి సభ నడుపుతున్నట్టు ప్రకటించారు. శివకుమార్‌ను తొలగించి గణేశన్ అనే కొత్త స్పీకరును ఎన్నుకున్నట్టు బరిసాన్ సభ్యులు ప్రకటించుకున్నారు. శివకుమార్ కుర్చీ దిగలేదు. చివరకు యూనిఫాం లేని పోలీసులు సభలోకి వచ్చి, గౌనులో ఉన్న స్పీకరును పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయారు, ఒక గదిలో ఉంచారు. యువరాజు గంటల తరబడి ఎదురుచూసి, ఆ తర్వాత ఉపన్యాసం చదివారు. బయట నల్ల చొక్కాలు వేసుకుని నిరసన తెలిపిన పదుల మందిని అరెస్టు చేశారు.

"మనవాడు" అన్న మురిపెం సంగతి ఇక్కడ చూద్దాం. ఈడ్చివేయబడ్డవాడు భారత సంతతివాడు. ఆయన స్థానంలో కూర్చోబెట్టిన గణేశనూ భారత సంతతివాడే, పాత కూటమిలోని భారతీయుల పార్టీ మనిషి. కుర్చీలో ఏ జాతి మనిషి ఉన్నాడన్న లెక్క చూస్తే ఆ రోజు ఏమీ మారనట్టే. ఎంత మారిందో ట్రోనో ఓటరుకు, బెహ్రాంగ్ ఓటరుకు తెలుసు. కులం పేరో ఇంటిపేరో చూసి సంబరపడే అలవాటు మనకూ ఉంది. అది ఓటరును ఎంత సులువుగా ఏమారుస్తుందో ఈపోలో ఆ రోజు కళ్లకు కట్టింది.

మే 11న హైకోర్టు, చట్టప్రకారం ముఖ్యమంత్రి నిజారేనని తీర్పు చెప్పింది. మరునాడే పైకోర్టు దాన్ని నిలిపివేసింది. మే 22న రద్దు చేసింది. 2010 ఫిబ్రవరి 9న సర్వోన్నత న్యాయస్థానం జంబ్రి వైపే నిలిచింది. మలేషియాలో 1966 నాటి ఒక తీర్పు ఉంది. సరవాక్ ముఖ్యమంత్రి స్టీఫెన్ కలోంగ్ నింకాన్‌ను గవర్నరు తొలగిస్తే, సభలో ఓటు జరగకుండా విశ్వాసం పోయిందనడం కుదరదని అప్పటి కోర్టు చెప్పింది. పెరాక్ కేసులో కోర్టులు ఆ దారి పట్టలేదు. సభలో ఓటు ఒక్కటే మార్గం కాదనీ, ఇతర విధాలుగా కూడా సుల్తాను తెలుసుకోవచ్చనీ తేల్చాయి.

మనం మాత్రం అటూ ఇటూ తిరిగి సభలోనే ఓటు అన్న చోటికి చేరాం. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించినప్పుడు, రామారావు తన ఎమ్మెల్యేలను వెంటపెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టవలసి వచ్చింది. ఎమ్మెల్యేల శిబిరం బెంగళూరుకు మారింది. సరిగ్గా నెల తర్వాత, సెప్టెంబరు 16న, ఆయన మళ్లీ ప్రమాణం చేశారు. పెరాక్‌లో ఆ నెల రోజుల్లో వీధి ఒత్తిడికి ఢిల్లీ తలొగ్గినట్టు ఎవరూ తలొగ్గలేదు. 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, బలం తేల్చవలసింది సభలోనే కానీ రాజ్‌భవన్‌లో కాదని ఖాయం చేసింది. ఈ ఒక్క విషయంలో మన వ్యవస్థ ఈపో కన్నా మెరుగు.

అయితే మన జబ్బు వేరే చోట ఉంది. 1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చి, తీర్పు చెప్పే పని స్పీకరు చేతికిచ్చాం. ఇది రాజ్యాంగబద్ధమేనని 1992లో సుప్రీంకోర్టు అంగీకరించింది కానీ, అయిదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. మెజారిటీ పార్టీ మీద ఆధారపడి పదవిలో ఉండే స్పీకరు నిష్పక్షంగా తీర్పు చెప్పగలడా అన్నది వారి సందేహం. ఆ సందేహం ఎంత సరైనదో తర్వాతి మూడు దశాబ్దాలు చూపించాయి. 2014–19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. సభ కాలం ముగిసేదాకా స్పీకరు తీర్పు రాలేదు. తర్వాత ప్రభుత్వం మారింది, ఆలస్యం మారలేదు. ఇప్పుడు హైదరాబాదు వంతు.

శివకుమార్‌ది తొందర, మన స్పీకర్లది తాపీ. చూడ్డానికి ఇవి ఎదురెదురు గుణాలు. నిజానికి రెండూ ఒకే రోగం. కుర్చీ తన పార్టీకి ఏది లాభమో చూసి గడియారం తిప్పుతోంది. ఈపోలో ఆ గడియారం రెండు రోజుల్లో సీటు ఖాళీ అంది, మన దగ్గర నాలుగేళ్లయినా ఖాళీ కాలేదంది. నాకు శివకుమార్ మీద జాలి ఉంది, స్పీకరును పోలీసులు ఈడ్చుకుపోవడం ఏ సభకూ గౌరవం కాదు. కానీ ఆయన్ను ధర్మమూర్తిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన కోరినవాటిలో ఒక్కటి మాత్రం అప్పటికీ ఇప్పటికీ సరైనది: ఎన్నికలు పెట్టండి.

మైపాడులో ఓటు వేసేవాడు పార్టీ సిద్ధాంత గ్రంథం చదివి వేయడు. కడలూరు సోనా బోట్లు మన హద్దుల్లోకి వచ్చి వలలు తెంపుకుపోకుండా ఎవరు ఆపుతారు, వేట నిషేధం రోజుల భృతి ఎవరు సమయానికి ఇప్పిస్తారు, ఇదీ అతని లెక్క. ఎమ్మెల్యే ఏ పక్షాన ఉంటే ఆ పని జరుగుతుందో చూసి ఓటేస్తాడు. అభివృద్ధి కోసమే పార్టీ మారానని ఎమ్మెల్యే అంటే అందులో నిజం ఉండొచ్చు కూడా. ఆ నిజాన్ని ఓటరు ముందు నిలబెట్టి రుజువు చేసుకోవడానికి భయమెందుకు? 2012లో కోవూరులో అది జరిగింది. 2024లో సాధారణ ఎన్నికలు వచ్చాక మన జిల్లా ముగ్గురిలో ఇద్దరు తెలుగుదేశం గుర్తు మీద గెలిచారు, ఒకరు ఆత్మకూరులో, ఒకరు నెల్లూరు రూరల్‌లో. అంటే ఓటరు మారినవారినందరినీ ఓడిస్తాడన్న నమ్మకం ఏమీ లేదు. తీర్పు మనకు నచ్చాలన్న నియమం లేదు, అడగాలన్నదే నియమం.

పెరాక్ ఓటరుకు అడిగించుకునే రోజు నాలుగేళ్లకు వచ్చింది, 2013లో. ఓట్ల మొత్తంలో నిజార్ కూటమిదే పైచేయి. సీట్లలో మాత్రం బరిసాన్‌కు 31, వారికి 28. మళ్లీ అదే అంకె! నియోజకవర్గాల సరిహద్దులు గీసే విద్య గురించి మరో వ్యాసం రాయాలి. శివకుమార్ ఆ ఎన్నికల్లో అసెంబ్లీ వదిలి పార్లమెంటుకు బాటు గజా నుంచి నిలబడి గెలిచారు. 2018లో, 2022లో కూడా అక్కడి నుంచే గెలిచారు.

2022 నవంబరులో అన్వర్ ఇబ్రహీం ప్రధాని అయి, ఎవరికీ మెజారిటీ రాని పార్లమెంటులో నిన్నటి శత్రువులతో కలిసి ప్రభుత్వం కట్టారు. శివకుమార్ మానవ వనరుల మంత్రి అయ్యారు. అదే మంత్రివర్గంలో విదేశాంగ మంత్రి ఎవరో తెలుసా? జంబ్రి అబ్దుల్ ఖాదిర్. ఒకరు రెండోవారిని సభ నుంచి 18 నెలలు సస్పెండ్ చేసినవారు, రెండోవారి పక్షం మొదటివారిని సభ నుంచి ఈడ్పించింది. ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. నాయకులు రాజీ పడడం మంచిదే, పగలు మోయడం కన్నా మేలు. ఆ ఇద్దరి కోసం 2009లో అరెస్టయినవారికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదన్నది వేరే సంగతి.

మంత్రిగా ఆయన రోజులు సాఫీగా సాగలేదు. 2023 ఏప్రిల్‌లో విదేశీ కార్మికుల నియామకాలకు సంబంధించి అవినీతి నిరోధక సంస్థ ఆయన కార్యాలయంలోని సహాయకులను అదుపులోకి తీసుకుని విచారించింది. ఆయన వాంగ్మూలమూ తీసుకుంది. ఆయన మీద అభియోగం మోపలేదు. అదే ఏడాది డిసెంబరు 12న మంత్రివర్గ మార్పుల్లో ఆయన పదవి పోయింది. విదేశీ కార్మికులన్న మాట దగ్గర మన వారికి గుండె కలుక్కుమంటుంది. మలేషియాలో హోటళ్లలో, తోటల్లో, కట్టడాల దగ్గర పనికి వెళ్లి ఏజెంట్ల చేతిలో మోసపోయి తిరిగొచ్చిన తెలుగువారు ఎందరో. నూరేళ్ల కిందట కూలి ఓడ ఎక్కినవారి మనవడో మునిమనవడో ఆ శాఖకు మంత్రి అయినప్పుడు మన వాళ్లు కొంత ఆశపడి ఉంటే తప్పు లేదు.

మలేషియా మాత్రం పెరాక్ నుంచి కొంత నేర్చుకుంది, అదీ మరో రెండు దెబ్బలు తిన్నాక. 2018లో గెలిచిన ప్రభుత్వం 2020లో కేంద్రంలోనూ పెరాక్‌లోనూ దూకుళ్ల వల్లే కూలింది. ఆ తర్వాత అదే ఏడాది డిసెంబరు 4న పెరాక్ ముఖ్యమంత్రి ఫైజల్ అజుము సభలోనే విశ్వాస ఓటు కోరి ఓడిపోయారు. పక్షాన 10, వ్యతిరేకంగా 48. చెట్టు కింద కూర్చోవలసిన పని రాలేదు. 2022 జూలైలో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి దూకుళ్లను నిషేధించింది. అక్టోబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు అందాక స్పీకరు 21 రోజుల్లో తేల్చి ఎన్నికల సంఘానికి తెలియజేయాలి. మన చట్టంలో లేని గడువు వారి చట్టంలో అక్షరాల్లో ఉంది.

కన్నమూ ఉంది. పార్టీయే బహిష్కరిస్తే సభ్యత్వం పోదు. 2023 చివరి నుంచి బెర్సాతు పార్టీ ఎంపీలు ఆరుగురు వరసగా అన్వర్‌కు మద్దతు ప్రకటించారు. పార్టీ తన నియమావళినే మార్చుకుని వారి సీట్లు ఖాళీ అయ్యాయని లేఖ పంపింది. 2024 జూలైలో స్పీకరు జోహారి అబ్దుల్ గడువులోపే జవాబిచ్చారు: ఆరు సీట్లూ ఖాళీ కాలేదు.